చెరుకు ఫ్యాక్టరీని తెచ్చుకున్నది, పసుపు ఎందుకు తెచ్చుకోలేదు?

పోస్టు జర పెద్దగనే ఉన్నది. పసుపు తవ్వుడు మొదలైనంక ఎవ్వరికీ తీరిక ఉండదు, అందుకే ఇప్పుడే రాస్తున్న.

2023 ఎండాకాలంల నేను నిజామాబాద్ మార్కెట్ల కాడి పసుపు క్వింటాల్ 5,600కు అమ్మిన. గోల ఇంకా తక్కువకు పోయింది. ఆ రాత్రి షార్జాల ఉన్న మా తమ్మునితోని ఫోన్ల మాట్లాడుకుంట ఈ ముచ్చట చెప్పిన. వాడు తెల్లారి పనిలకెళ్లి వచ్చి, ఆడి దుకాణంల 200 గ్రాముల పసుపు పొడి ప్యాకెట్ ఫోటో తీసి పంపిండు. నాలుగు దిర్హమ్‌లు. అంటే కిలో ఇరవై దిర్హమ్‌లు, మన పైసల్ల నాలుగు వందల నలభై పైన. నాకు కిలోకు వచ్చింది 56 రూపాయలు. "అన్నా, ఇది మన పసుపే కావొచ్చు" అన్నడు. కావొచ్చు, కాకపోవచ్చు. ప్యాకెట్ మీద ఇండియా అని ఉన్నది, ఇందల్వాయి అని ఎందుకుంటది?

ఆ ఫోటో ఇంకా నా ఫోన్ల ఉన్నది. అప్పటిసంది ఒక్కటే ఆలోచన. ఎగుమతి అయితే రైతు బాగుపడతడు, దేశం బాగుపడతది అని అందరూ అంటరు. టీవీల అంటరు, మీటింగుల అంటరు. మరి మన పసుపు ఎన్నడో ఎగుమతి అయితున్నది కదా. మనం ఎందుకు గట్లనే ఉన్నం? నేను చదివింది ఇంటర్ దాకనే. కానీ ఈ రెండు మూడేండ్లల్ల దొరికింది దొరికినట్టు చదివిన. మనకు తెలిసిన బోధన్ ముచ్చటతోనే మొదలుపెడత, ఎందుకంటే జవాబు సగం అక్కడనే దొరికింది నాకు.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నిజాం కట్టిండని అందరికీ తెలుసు. దాని వెనక జావా ఉన్నదని మాత్రం నాకు మొన్నటిదాక తెల్వదు. జావా అంటే ఇప్పటి ఇండోనేషియాల ఒక దీవి. దాన్ని డచ్చోళ్లు ఏలిండ్రు. 1830ల వాళ్లు ఒక పద్ధతి పెట్టిండ్రు. ప్రతి ఊరు తన భూమిల ఐదో వంతు ఎగుమతి పంటకు ఇయ్యాలె. చెరుకో, కాఫీయో, నీలిమందో, సర్కారు చెప్పింది వెయ్యాలె, సర్కారు ఇచ్చింది తీసుకోవాలె. పేరుకు ఐదో వంతు, చానా చోట్ల అంతకంటె ఎక్కువనే పోయింది. ఆ పైసలతోని హాలండ్ దేశం తన అప్పులు కట్టుకున్నది, రైలు పట్టాలు వేసుకున్నది. జావాల మాత్రం 1849, 1850 ప్రాంతంల వరి లేక జనం కరువుల సచ్చిండ్రు. తర్వాత ఆ బలవంతపు పద్ధతి పోయింది గానీ, మిల్లులు డచ్చోళ్లవే, రైతు భూమి కౌలుకు తీసుకునేది వాళ్లే, ధర చెప్పేది వాళ్లే. 1930 వచ్చేసరికి ఏడాదికి ముప్పై లక్షల టన్నుల దాక చక్కెర చేసేది ఆ ఒక్క దీవి. ఆ చక్కెర పెద్ద ఎత్తున కొన్నది ఎవరో తెలుసా? మనమే. ఇండియా. ఇంత చెరుకు పండే దేశం చక్కెర ఓడల మీద తెప్పించుకునేది.

1932ల బ్రిటిష్ ఇండియా సర్కారు బయటి చక్కెర మీద గట్టి సుంకం వేసి, మన చక్కెర పరిశ్రమను కాపాడేందుకు చట్టం చేసింది. అప్పటికి దేశం మొత్తం మీద మిల్లులు ముప్పై ఉంటయో ఏమో. ఐదేండ్లల్ల నూట ముప్పై దాటినయి. జావా కూలిపోయింది. ముప్పై లక్షల టన్నులు ఐదు లక్షలకు పడ్డది, నూట డెబ్బై పైన ఉన్న మిల్లులల్ల చానా మటుకు తాళాలు పడ్డయి. పక్క దేశపోడు తలుపు మూసేసరికి లక్షల మంది కూలీల బతుకు ఆగింది. ఎగుమతి మీద నిలబడ్డోని సంగతి గట్లుంటది. కొనేటోని తలుపు మీద మన చెయ్యి ఉండదు.

ఆ తలుపు మూసిన నీడల్నే మన బోధన్ పుట్టింది. నీళ్లు అప్పటికే తయారుగ ఉండె. మంజీర మీద నిజాంసాగర్ 1923ల మొదలుపెట్టి 1931కి కట్టిండ్రు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. 2,75,000 ఎకరాలకు నీళ్లని లెక్క. రైలు అంతకంటె ముందే, 1900 ప్రాంతంల వచ్చింది. మన ఇందల్వాయి స్టేషను, సిర్నపల్లి స్టేషను ఆ మన్మాడ్ లైను మీదివే. నీళ్లున్నయి, రైలున్నది, చక్కెరకు గిరాకీ ఉన్నది. 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ పెట్టిండ్రు. ఊరి పక్కన శక్కర్‌నగర్ అని కొత్త పట్నమే లేచింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు లైను పడ్డది. ఆసియాలనే పెద్ద ఫ్యాక్టరీ అని పేరు. కోస్తా నుంచి రైతులు వచ్చి భూములు కొని చెరుకు వేసిండ్రు, బోధన్, వర్ని దిక్కు ఇప్పటికీ "క్యాంపు" అని పేరున్న ఊర్లన్నీ వాళ్లు పెట్టినవే.

మా అమ్మగారి ఊరు ఎడపల్లి దిక్కు. చిన్నప్పుడు దసరాకో సంక్రాంతికో పోతే మా తాత చెరుకు బండి మీద కూసోబెట్టుకునేటోడు. ఫ్యాక్టరీ కాడ బండ్ల వరుస ఎంత దూరమంటే, రాత్రి అక్కడనే సద్దిమూట విప్పి తినుడు, బండి కింద పండుడు. తెల్లారంగ భోంగా కూస్తే ఎడ్లు కూడ లేచి నిలబడేటియి. మా తాతకు ఆ భోంగానే గడియారం. ఆయన చేతికి చెరుకు పైసలు ఒక్కసారి వచ్చేటియి, వాటితోనే ఇద్దరు మేనమామలు బోధన్‌ల చదువుకున్నరు, మా అమ్మ పెండ్లి అయింది. చెరుకు కొట్టెటోళ్లు, బండి తోలెటోళ్లు, మిల్లుల పనోళ్లు, బెల్లం గానుగలోళ్లు, హోటళ్లు, బట్టల దుకాణాలు, అందరి కుండల అన్నం ఆ ఒక్క పొగగొట్టం మీదనే ఉడికింది. ఆ చక్కెర బయటి దేశాలకు పోయిందా అంటే, ఎక్కువ మన దేశంలనే అమ్ముడుపోయింది. అయినా ఊరు పెరిగింది. ఈ మాట గుర్తుపెట్టుకోండ్రి. ఎగుమతి కాని పంట బోధన్‌ను పెంచింది, ఎగుమతి అయ్యే పంట ఆర్మూర్ దిక్కు రైతును గింత కూడ ధైర్యంగ నిలబెట్టలేదు. ఎందుకట్ల?

నాకు తోచిన కారణం చెప్త. చెరుకు ఆగదు. కొట్టినంక ఒక రోజు దాటితే బరువు తగ్గుతది, తీపి తగ్గుతది. దాన్ని బొంబాయి దాక మోసుకపోయి ఆడ పిండుకుందమంటే కుదరదు. అందుకే ఫ్యాక్టరీయే చెరుకు కాడికి రావాలె, వచ్చింది. పసుపు గట్ల కాదు. ఉడకబెట్టి ఎండబెట్టినంక రెండేండ్లు, మూడేండ్లు కూడ ఉంటది. వంద కిలోల పచ్చి పసుపు ఎండితే ఇరవై కిలోలు అటు ఇటు. తేలికయితది, లారీకి సులువయితది. గట్టి సరుకు కదా, ఎక్కడికైనా పోతది. అందుకే పసుపు కోసం ఫ్యాక్టరీ నడిచి రావాల్సిన పని పడలేదు, పసుపే ఫ్యాక్టరీ కాడికి నడిచిపోయింది. సాంగ్లికి పోయింది, ఈరోడ్‌కు పోయింది, ముంబైకి పోయింది. సాంగ్లి పక్కన హరిపూర్‌ల భూమిల గోతులు తవ్వి పసుపు ఏండ్లకేండ్లు దాచేటోళ్లు. సీజన్ల మనం అందరం ఒక్కసారి అమ్ముకుంటం, ధర పడతది. వాళ్లు కొని దాస్తరు, ధర లేచినప్పుడు తీస్తరు. సాంగ్లి పసుపుకు 2018ల, ఈరోడ్ పసుపుకు 2019ల జీఐ గుర్తింపు కూడ వచ్చింది. బయటి జిల్లాల, బయటి రాష్ట్రాల సరుకు ఆ మార్కెట్లకు పోయి అక్కడి పేరు మీదనే లెక్కకు వస్తది. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు దాచుకునే తెలివి, పాలిష్ పట్టే తెలివి, వ్యాపారం చేసే తెలివి పెంచుకున్నరు.

పేరు ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్త. 1995ల అమెరికాల ఒక యూనివర్సిటీ ఆసుపత్రికి, పుండ్లు మానేందుకు పసుపు వాడుడు మీద పేటెంట్ ఇచ్చిండ్రు. మన ఇంట్ల ముసలమ్మ దెబ్బ తగిలితే పసుపు అద్దుతది కదా, అదే. మన సర్కారు సైన్సు సంస్థ సీఎస్ఐఆర్ పాత పుస్తకాలన్నీ పట్టుకపోయి కొట్లాడితే 1997ల రద్దు చేసిండ్రు.

ఇప్పుడు లెక్క చూద్దాం, సర్కారు చెప్పిన లెక్కలే. 2022-23ల మన దేశం నుంచి 1.534 లక్షల టన్నుల పసుపు, పసుపు సరుకులు బయటికి పోయినయి. వచ్చింది 20 కోట్ల 74 లక్షల డాలర్లు. భాగారం చేస్తే కిలోకు డాలరున్నర లోపే, అప్పటి డాలర్ ధరల 108 రూపాయలు అనుకోండ్రి. నాకు వచ్చింది 56. నడుమ కమీషను, హమాలీ, పాలిష్ల పోయే తరుగు, లారీ, ఓడ, ఎగుమతిదారుని లాభం అన్నీ ఉన్నయి. అందులో అన్యాయం ఎంత, న్యాయం ఎంత అని నేను చెప్పలేను, న్యాయమైన ఖర్చు చానానే ఉంటది. కానీ 56 నుంచి 108 దాక ఒక మెట్టు. 108 నుంచి షార్జా దుకాణంల 440 దాక ఇంకో మెట్టు. మనం ఎప్పుడూ మొదటి మెట్టు కాడనే కొట్లాడుతున్నం, దళారి తిన్నడు, ఖరీదుదారు తిన్నడు అని. పెద్ద మెట్టు దేశం దాటినంక ఉన్నది. బస్తా పొడి అయి, పొడి ప్యాకెట్ అయి, ప్యాకెట్ మీద పేరు పడ్డ కాడ ఉన్నది.

అర్జెంటీనా దేశపు ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్ అనే ఆయన 1950 ప్రాంతంల ఒక మాట చెప్పిండు. పంటలు, ఖనిజాలు పచ్చిగ అమ్మే దేశాలు, యంత్రాలు చేసి అమ్మే దేశాలు, ఈ రెండింటి నడుమ కాలం గడిచిన కొద్దీ పచ్చి సరుకు విలువ తగ్గుకుంట పోతదని. నిన్న పది బస్తాలకు వచ్చిన యంత్రం రేపు ఇరవై బస్తాలకు గానీ రాదు అన్నట్టు. అందరూ ఒప్పుకున్న మాట కాదిది, వాదన ఇంకా నడుస్తనే ఉన్నది. మన దిక్కు ముసలోళ్లు అనే మాట ఉన్నది కదా, ఒకప్పుడు క్వింటాల్ పసుపు అమ్మితే తులం బంగారం వచ్చేదని. బంగారం లెక్క వేరే, దాని ధర దాని కారణాలతోని లేస్తది, నేను కాదనను. కానీ ట్రాక్టర్ ధర, డీఏపీ బస్తా ధర, పిల్లగాని ఇంజనీరింగ్ ఫీజు పక్కన పెట్టి చూసినా ఆ ముసలోళ్ల మాట అబద్ధం అనిపిస్తలేదు.

ఇప్పుడు పసుపు బోర్డు ముచ్చట. 2019 ఫిబ్రవరిల మనోళ్లు హైవే మీద కూసున్నది మీకు యాదికుంటది. పసుపుకు క్వింటాల్ 15,000, ఎర్ర జొన్నకు 3,500 అడిగిండ్రు, బోర్డు అడిగిండ్రు. ఆ ఎంపీ ఎలక్షన్ల 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డరు, మొత్తం 185 మంది అభ్యర్థులు. దేశం మొత్తం మన నిజామాబాద్ దిక్కు చూసింది. 2023 అక్టోబర్ 4న బోర్డు నోటిఫికేషన్ వచ్చింది, 2025 సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది, అదే ఏడాది జూన్ల నిజామాబాద్ల ఆఫీసు తెరిచిండ్రు. ఏ పార్టీ ఘనత అనే దాంట్లకు నేను పోను, ఆ కొట్లాటకు వేరే పేజీలు చానా ఉన్నయి.

మనల చానా మంది అనుకున్నది ఏందంటే, బోర్డు వస్తే ధర వస్తదని. బోర్డు పసుపు కొనదు. మద్దతు ధర లిస్టుల పసుపు లేదు. చెరుకుకు ఎఫ్ఆర్పీ ఉన్నది, వడ్లకు ఎంఎస్పీ ఉన్నది, పసుపుకు రెండూ లేవు. బోర్డు పని పరిశోధన, కొత్త సరుకులు చేయించుడు, బయటి మార్కెట్ వెతుకుడు, నాణ్యత చూసుడు. మరి కొనే బోర్డు అయితే మంచిగుండునా అంటే, దానికి ఆఫ్రికాల ఘనా దేశం ముచ్చట వినాలె.

చాక్లెట్ చేసే కోకో గింజ ఘనాల చిన్న రైతుల పంట. 1879 ప్రాంతంల టెట్టే క్వార్షీ అనే ఆయన ఆ గింజలు బయటి దీవి నుంచి తెచ్చి నాటిండని చెప్పుకుంటరు. ఎవ్వడు బలవంతం చెయ్యలేదు, రైతులే అడవి కొట్టి తోటలు పెట్టిండ్రు, చూస్తుండంగ ప్రపంచంల మొదటి స్థానంల నిలిచిండ్రు. 1937ల తెల్ల కంపెనీలన్నీ ఒక్కటై ధర తగ్గిస్తే, రైతులు నెలల తరబడి గింజ అమ్మకుండ ఇంట్లనే పెట్టుకున్నరు. ఎండిన సరుకు కదా, ఆగింది, అందుకే కొట్లాడగలిగిండ్రు. 1947ల సర్కారు కోకో బోర్డు పెట్టింది. కంపెనీల నుంచి రైతును కాపాడుతం, ధర నిలకడగ ఉంచుతం అన్నది. కొనే హక్కు బోర్డుకే. కొన్నేండ్లకు ఏమైందంటే, ప్రపంచ ధర ఎంత లేచినా రైతుకు ఇచ్చేది కొంచెమే, నడుమ మిగిలింది సర్కారు ఖర్చులకు పోయింది. రైతు కొత్త చెట్టు నాటుడు మానేసిండు. కొందరు పక్క దేశానికి దొంగతనంగ మోసి అమ్ముకున్నరు. 1964-65ల ఐదున్నర లక్షల టన్నుల పైన ఉన్న పంట, 1983-84 వచ్చేసరికి లక్షా అరవై వేల టన్నులకు పడ్డది. చాక్లెట్ మాత్రం ఎప్పటిలెక్కనే యూరప్‌ల తయారయింది. దళారిని తీసేసి సర్కారే దళారి అయితే గట్ల కూడ అయితది.

బాగుపడ్డోళ్లు లేరా అంటే ఉన్నరు. తైవాన్ అని చిన్న దేశం. జపానోళ్లు ఏలినప్పుడు వాళ్లది కూడ చెరుకు, వరి, అన్నీ జపాన్ కడుపుకే. తర్వాత 1949 నుంచి 1953 దాక అక్కడ భూసంస్కరణ జరిగింది. కౌలు తగ్గించిండ్రు, దున్నేటోనికి భూమి ఇచ్చిండ్రు, ఒక్కొక్కనికి రెండు మూడు ఎకరాలే. ఆ చిన్న రైతులు వరి గడ్డి మీద పుట్టగొడుగులు పెంచిండ్రు. పుట్టగొడుగు కూడ చెరుకు లెక్కనే, ఆగదు. అందుకే డబ్బాల నింపే ఫ్యాక్టరీలు ఊర్ల పక్కననే లేచినయి. 1960లల్ల డబ్బా పుట్టగొడుగుల ఎగుమతిల తైవాన్ ప్రపంచంలనే ముందు వరుసకు పోయింది. రైతు కొడుకు పొద్దున పొలంల, పగలు ఫ్యాక్టరీల. ఆ ఊరి ఫ్యాక్టరీలల్ల పని నేర్చుకున్న జనమే తర్వాత బట్టలు, రేడియోలు చేసే పనికి పోయిండ్రు. ఇయ్యాల తైవాన్ కంప్యూటర్ చిప్పులు చేస్తదని మన పిల్లలు చెప్తరు, దాని కింద పునాదిల పుట్టగొడుగు డబ్బా కూడ ఉన్నదని ఎవరూ చెప్పరు.

మలేషియా ఇంకో తీరు. పామాయిల్ గెల కోసినంక ఒక రోజుల మిల్లుకు పోవాలె, కాబట్టి మిల్లు తోట కాడనే. దాని మీద సర్కారు ఇంకొకటి చేసింది. 1970లల్ల ముడి నూనె ఎగుమతి చేస్తే సుంకం ఎక్కువ, శుద్ధి చేసి పంపితే తక్కువ అన్నది. దెబ్బకు రిఫైనరీలు మలేషియాలనే పెట్టిండ్రు. ఇప్పుడు మన తెలంగాణల, మన జిల్లాల కూడ ఆయిల్‌పామ్ మొక్కలు పెడుతున్నరు కదా, పెట్టేముందు మిల్లు ఎన్ని కిలోమీటర్లల ఉన్నదో అడుగుండ్రి.

అయితే ఆగని పంట అయితే చాలు, రైతు గెలిచినట్టే అనుకునేరు. జావాల కూడ మిల్లు పొలం కాడనే ఉండె. అస్సాంల తేయాకు కూడ కోసిన రోజే ఫ్యాక్టరీకి పోవాలె, ఫ్యాక్టరీ తోట నడుమనే ఉంటది, ఆకు కోసే ఆడకూలి బతుకు ఎట్లున్నదో అందరం చూస్తున్నం. ఫ్యాక్టరీ దగ్గర ఉంటే సగం పనే. అది ఎవని చేతిల ఉన్నదనేది ఇంకో సగం. మా తాత కూడ కటింగ్ ఆర్డర్ కోసం ఎంతమంది కాడ చేతులు కట్టుకున్నడో మా అమ్మ చెప్పేది. ఆర్డర్ రాకపోతే చెరుకు పొలంల నిలబడి ఎండుతది, ఇంకో దిక్కు అమ్ముకోను లేదు. ఆఖరుకు 2002ల సర్కారు ఆ కంపెనీల 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చింది. 2015 డిసెంబర్ల బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడింటికీ లేఆఫ్ పెట్టిండ్రు. భోంగా బంద్. మా మేనమామ చెరుకు తీసేసి వరి వేసిండు. అందరూ వరి వేసిండ్రు, ఎందుకంటే కొనే కేంద్రం వరికే ఉన్నది. శక్కర్‌నగర్ దిక్కు పోయినప్పుడల్లా ఆ పొగగొట్టం చూస్తే కడుపుల తిప్పినట్టయితది నాకు.

ఆ వరికి కూడ బయటి తలుపు ఎవరి చేతిల ఉన్నదో 2023ల చూసినం. జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి బంద్ పెట్టిండ్రు, ఆగస్టుల ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసిండ్రు. పట్నంల బియ్యం ధర పెరగొద్దని. తెల్ల బియ్యం తలుపు మళ్లీ తీసింది 2024 సెప్టెంబర్ల. తినేటోని కడుపు చూసుకోవాలె, నిజమే. మధ్యల రైతుకు పోయింది ఎవరి లెక్కల రాస్తరు?

తిరిగి పసుపు కాడికి వస్త. 2023-24ల ఎగుమతి 1.62 లక్షల టన్నులు, 22 కోట్ల 65 లక్షల డాలర్లు. 2030 కల్లా దాన్ని వంద కోట్ల డాలర్లు చేస్తమని ఢిల్లీల చెప్పిండ్రు. అంటే నాలుగింతల పైన. ఇప్పుడు పోతున్న తీరుగనే, బస్తాలకు బస్తాలు పంపి ఆ లెక్క అందుకోవాలంటే ఏడు లక్షల టన్నులు పంపాలె. దేశం మొత్తం పండిందే ఆ ఏడాది 10.74 లక్షల టన్నులు. మనం తినేది ఎట్ల? అంత సరుకు ఒక్కసారి బయట పడితే ధర ఉంటదా? ప్రపంచంల పండే పసుపుల డెబ్బై శాతం పైన మనదే, కొనే దేశాలల్ల ముందున్నది బంగ్లాదేశ్, యూఏఈ, అమెరికా, మలేషియా. మనం గుమ్మరిస్తే మన మీదనే పడతది. కాబట్టి ఆ వంద కోట్లు బస్తాల నుంచి రావు. వస్తే పొడి నుంచి, నూనె నుంచి, కుర్కుమిన్ తీసే కాడ నుంచే రావాలె. ఆ ఫ్యాక్టరీ ఎక్కడ లేస్తది, అందుల వాటా ఎవనికి ఉంటది, మన బోర్డును మనం అడగాల్సింది ఇది. 15,000 అడిగినట్టే ఇది కూడ గట్టిగ అడగాలె.

2024 మార్చిల ధర బాగ లేచింది కదా, ఇంక ఏం బాధ అంటరేమో. అది ఎగుమతి పుణ్యం అని నేను అనుకోను. ముందటేడు ధర లేక మనోళ్లు పసుపు తగ్గించిండ్రు, దేశంల 3.24 లక్షల హెక్టార్ల నుంచి 3.05కు పడ్డది, సరుకు తక్కువైంది, ధర లేచింది. అప్పుడు నాకు మిగిలింది. మళ్లా అందరం వేస్తే మళ్లా పడతది, ఇది కొత్తనా మనకు?

ఇంకొక సంగతి దాచకుండ చెప్పాలె, ఇది మన మీదనే. బయటి దేశపోడు మందు అవశేషం చూస్తడు, రంగు కల్తీ చూస్తడు. బంగ్లాదేశ్ల పసుపు పచ్చగ మెరవాలని సీసం కలిసిన రంగు వేసిండ్రు, జనం రక్తంల సీసం వస్తున్నది ఎందుకని వెతికితే 2019ల ఆ పసుపు కాడ దొరికింది. వాళ్ల సర్కారు గట్టిగ పట్టుకున్నది, తగ్గించింది. మన కాడ కూడ పాలిష్ డ్రమ్ముల రంగు వేసెటోళ్లు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని అందామా? పంట కోతకు ముందు ఎన్ని రోజులకు మందు కొట్టుడు ఆపినమో ఒక నోటుబుక్కుల రాసుకునే అలవాటు ఎంతమందికి ఉన్నది? నాకే పోయినేడు దాక లేదు.

ఇంక అసలు పని. పసుపు ఆగే సరుకు అన్న కదా. ఆ గుణం వల్లనే ఫ్యాక్టరీ మన కాడికి రాలేదు. ఘనా రైతు గింజ ఇంట్ల పెట్టుకుని కంపెనీలతో కొట్లాడింది కూడ ఆ గుణం వల్లనే. మనం ఆపుకోలేకపోయేది సరుకు పాడయితదని కాదు, అప్పు ఆగదని. ఎకరానికి లక్షా ఇరవై వేలు పెట్టుబడి పెట్టి, ఉడకబెట్టే కూలి కూడ అప్పు తెచ్చి కట్టినోడు మార్చిల అమ్మకుండ ఎట్లుంటడు?

మా దిక్కు పదకొండు మందిమి కూసుండి మాట్లాడుకుంటున్నం. బాయిలర్, పాలిష్ డ్రమ్ము, చిన్న గిర్నీ, గోదాముల సరుకు పెట్టి దాని మీద బ్యాంకు లోను. పెద్ద ఎగుమతి కలలు ఏం లేవు. ముందు హైదరాబాద్‌కు పొడి పంపుదమని. లాభం వస్తదో మునుగుతమో ఇంకా తేలలేదు. మాల ఇద్దరు వద్దంటున్నరు, వాళ్ల లెక్క కూడ తప్పు కాదు, పోయిన సారి ఒక సంఘంల పైసలు పెట్టి పోగొట్టుకున్నోళ్లే వాళ్లు. అందుకే లెక్క సరిగ్గ చూసుకోవాలె. వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, గుడి ముందర చింతచెట్టు కాడ. రావాలనుకున్నోళ్లు మూడేండ్ల తక్‌పట్టీలు తీస్కరండ్రి, కాడి వేరే, గోల వేరే, చూర వేరే. కూలి రాసుకున్న బుక్కు ఉంటే అది కూడ. నేను షార్జా ప్యాకెట్ ఫోటో పెద్దగ ప్రింట్ తీయించి తెస్త.